కొండదారులు, సైకిలు సంఘములు



మన పల్లెలలో పెద్దలైనవారికి అక్కడక్కడ నొక క్రొత్త ప్రశ్న యెదురగుచున్నది. ఊరు విడిచి బెంగుళూరులోనో హైదరాబాదులోనో కొలువు చేయుచున్న పిల్లలు సెలవులకు వచ్చునపుడు లావుపాటి టైర్లు గల సైకిళ్లను వెంట దెచ్చుచున్నారు. చక్కని తారురోడ్డు ఇంటిముందే యుండగా దానిని విడిచి, గుండ్లును ముండ్లును నిండిన గుట్టమీదికి పోవుచున్నారు. నలుగురైదుగురు చేరినంతనే సంఘము పెట్టుకొందుమనుచున్నారు. గుట్టమీద దారి తీసికొందుము, పెద్దలు సమ్మతింపవలెననుచున్నారు. సమ్మతింపవచ్చునా? సమ్మతించినచో నే షరతులమీద? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

సైకిలు మన మెఱుగని వస్తువు కాదు. గంటకు ఇన్ని పైసలని అద్దెకు తెచ్చి, సీటు అందక ఫ్రేము నడుమ కాలు దూర్చి త్రొక్కినవారము మనలో నెందఱో యున్నాము. వేరుశనగ మూటలను, గడ్డిమోపులను, పాలక్యానులను, పెండ్లివారి ట్రంకుపెట్టెలను మోసిన బండి యది. ఈ పిల్లల బండి వేరు. దానికి క్యారియరు లేదు, స్టాండు లేదు, మడ్గార్డు లేదు, గంటయు తఱచుగా నుండదు. మనబోటివారికి సగము విప్పి విడిచిన బండివలె తోచును. కాని చూడదగినవి యున్నవి. టైరు రెండంగుళములకు పైగా వెడల్పుండి, పట్టుకొఱకు పైన గుబ్బలు గుబ్బలుగా నుండును. ముందు ఫోర్కులో స్ప్రింగు వంటి యేర్పాటుండుటచే రాతి దెబ్బ చేతికి రాదు. బ్రేకు చక్రపు అంచును గాక ఇరుసు దగ్గఱనున్న ఇనుపబిళ్లను పట్టుకొనును. ఎక్కుడు వచ్చినపుడు గేరు మార్చినచో వేగము తగ్గును గాని, దిగి త్రోయవలసిన పని యుండదు.

ఈ బండి పుట్టినది అమెరికాలో. సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మెరీన్ అను మండలము కలదు. అందు టమల్పాయిస్ అను కొండ కలదు. 1970 తరువాతి దశకమున అచ్చటి యువకులు కొందఱు, తమ తండ్రుల కాలపు బరువైన పాత సైకిళ్లను చౌకగా సంపాదించి, కొండమీదికి చేర్చి, మంటిదారుల వెంట క్రిందికి దౌడు తీయసాగిరి. ఆ బండ్లకు బ్రేకు వెనుకచక్రపు ఇరుసులోనే యుండెడిది. పెడలు వెనుకకు త్రొక్కిన పట్టుకొనెడిది. ఏటవాలున అదేపనిగా పట్టియుంచుటచే ఇరుసు వేడెక్కి, లోని గ్రీసు పొగయై పోయెడిది. ఒకమాఱు దిగిన పిదప మరల గ్రీసు దట్టించినగాని బండి పనికిరాదు. అందుచేత ఆ దారికే ‘రీప్యాక్’ అను పేరు వచ్చినది. మరల దట్టించుట యని దాని యర్థము. 1976 అక్టోబరు 21వ తేదీన ఆ దారిలో మొదటి పందెము జరిగినది. మఱుసటి యేడు జో బ్రీజ్ అను నాతడు కొండదారికై ప్రత్యేకముగా ఫ్రేము చేయ నారంభించెను. 1981లో ‘స్టంప్‌జంపర్’ అను పేర కొండసైకిలు పెద్దయెత్తున అమ్మకమునకు వచ్చినది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఈ యాటకును చోటు దొరకినది. పాతసామానుల కొట్టునుండి ఒలింపిక్సు వఱకు వచ్చుటకు ఇరువది యేండ్లే పట్టినది. ఇంగ్లాండులో మాత్రము 1955లోనే ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ అను సంఘ మొకటి యేర్పడి, మామూలు సైకిళ్లతోనే కొండబాటలు పట్టి తిరుగుచుండెను. వారిది పరుగు కాదు, యాత్ర.

ఇంతవఱకు వినినది వేడుక. ఇక వచ్చినది తగవు. కొండబాటలలో అంతకుముందునుండి నడచువారు, గుఱ్ఱములపై పోవువారు నుండిరి. మలుపు తిరుగగానే సైకిలు మీదికి వచ్చి పడినట్లగుటచే గుఱ్ఱములు బెదరినవి. వృద్ధులు దారి విడిచి ప్రక్కకు దుమికిరి. తడినేలలో చక్రములు గాడులు కోసినవి. ఫిర్యాదులు ముదిరినవి. మెరీన్ మండలములోనే, అనగా పుట్టినింటనే, అనేక బాటలు సైకిళ్లకు మూతపడినవి. రక్షిత వనప్రదేశములందు సైకిలు నిషిద్ధమని 1984లో అచ్చటి అటవీశాఖ నియమము చేసినది.

అప్పుడు వారిముందు రెండు మార్గము లుండెను. ఒకటి, దొంగచాటుగా త్రొక్కుట. కొంద ఱట్లే చేసిరి. రెండవది, బాటకు తాము చేసిన కీడును తామే మాన్పి, పదిమంది నమ్మకము సంపాదించుకొనుట. 1988లో కాలిఫోర్నియాలోని 5 సంఘములు కలిసి యొక పెద్దసంఘముగా నేర్పడినవి. దాని నియమములు బడిపిల్లలకైనను అర్థమగునట్టివి: తెఱచియున్న బాటలోనే పొమ్ము; నీవు పోయిన జాడ మిగుల్పకుము; బండిని అదుపులో నుంచుము; ఎదుటివారికి దారి యిమ్ము; పశువులను బెదరింపకుము; నీ శక్తియు సరంజామాయు చూచుకొని బయలుదేరుము. నియమములు వ్రాయుట సులువే. ఆ సంఘములకు పరువు తెచ్చినది అది కాదు. ఆదివారములందు పారలును గడ్డపారలును పట్టుకొని కొండ యెక్కి, చెడిన బాటలను బాగుచేయుట వలన వారికి పరువు వచ్చినది. మూసిన బాటలు కొన్ని మరల తెఱువబడినవి.

ఆ పని యెట్టిదో కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన అందలి రహస్యము చక్రమునకు సంబంధించినది కాదు, నీటికి సంబంధించినది. గుట్టమీదనుండి నిట్టనిలువుగా క్రిందికి దారి తీసినచో, పిల్లల కది మిక్కిలి యుత్సాహకరముగా నుండును. కాని వాన కురిసినపుడు నీరు వెదకుకొను దారియు నదియే. బాట కాలువ యగును. మన్ను పోయి రాళ్లు తేలును. రాళ్లు తేలిన చోటు త్రొక్కలేక పిల్లలు ప్రక్కగా మఱియొక గాడి చేయుదురు. అదియు కాలువ యగును. కావున బాట వాలునకు అడ్డముగా పోవలెను. దానికి వారొక కొలత పెట్టుకొన్నారు: బాటవాలు గుట్టవాలులో సగమునకు మించరాదు. గుట్ట నూఱడుగులకు 16 అడుగులు దిగినచో బాట 8 అడుగులకంటె ఎక్కువ దిగరాదు. గుట్ట యెంత నిలువుగా నున్నను, బాట మొత్తముమీద నూటికి పదికి లోబడి యుండుట మేలు. బాట వెడల్పున బయటియంచు లోపలియంచు కంటె కొంచెము పల్లముగా, నూటికి అయిదు వంతున, ఉండవలెను. అట్లున్నచో నీరు బాటను దాటిపోవునే గాని బాట వెంబడి పోదు. దిగుచున్న బాట నడుమనడుమ నాలుగడుగులు పైకెక్కి మరల దిగవలెను. ఆ మెట్ట దగ్గఱ నీరు నిలువలేక బయటికి జాఱిపోవును.

ఇది వినగానే కాపువారికి నవ్వు రావచ్చును. వాలునకు అడ్డముగా దున్నుమని, గట్టు వాలునకు అడ్డముగా వేయుమని, మనకు తాతలు చెప్పిన మాటయే గదా! మేతకు పోవు గొఱ్ఱెలను చూడుడు. బెదరినపుడు తప్ప గుట్టను నిట్టనిలువుగా దిగవు. ప్రక్కవాటుగా సన్నని బాట చేసికొని పోవును. బాటకు స్థలము నిర్ణయింపవలసి వచ్చినచో, కొలతపట్టీ పట్టిన కుఱ్ఱవానికంటె ముందుగా ఊరి గొఱ్ఱెలకాపరిని పిలిచి యడుగుట మంచిదని నా యభిప్రాయము. ఏ వంకలో నీరెంత యెత్తున వచ్చునో, ఏ బండక్రింద పాములుండునో, ఏ చెట్టునీడన మంద మధ్యాహ్నము నిలుచునో ఆతనికి తెలియును.

మన సీమలో ఈ జాగ్రత్త యింకను ఎక్కువగా కావలెను. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు. అదియైనను నెలలకొలది నెమ్మదిగా పడునది కాదు. పెక్కు దినములు ఎండి, ఒక్కరాత్రి కుంభవృష్టి కురియును. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురము శివారులలోని యిండ్లలో ప్రవేశించినది. ఏడాదిలో తఱచుగా ఇసుకయే కనబడు వంక యది. మన గుట్టలమీద ఎఱ్ఱమన్ను పలుచని పొర. అది యొకమాఱు కొట్టుకొనిపోయినచో మన జీవితకాలమున తిరిగి రాదు. పోయిన మన్ను ఊరకుండునా? క్రింది చెఱువులో చేరి పూడిక యగును. నీరు బలహీనమైన చోటును వెదకికొనునన్న సంగతి బుక్కరాయసముద్రము చెఱువుకట్ట కథ యెఱిగిన ఈ జిల్లావారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ వ్రాసినది ఆ కథమీదనే.

ఇక సంఘములు మామూలు దినములలో చేయు పనులను గూర్చి. ఆదివారము తెల్లవారుజామున గుంపుగా బయలుదేరుదురు. క్రొత్తవారి గుంపు వేఱు, ఆఱితేఱినవారి గుంపు వేఱు. ప్రతి గుంపునకును ముందొకడు, వెనుక నొకడు అనుభవజ్ఞు లుందురు. వెనుకనున్నవానిని దాటి యెవరును వెనుకబడరాదు. ఒకని బండి చెడినచో ఆతడు నిలుచును. మందకు ముందొక కాపరియు వెనుక నొక కాపరియు నడచుటవంటిదే. తలకు హెల్మెట్టు లేనివానిని రానీయరు. పంక్చరు వేసికొనుట, తెగిన చైను కలుపుట, బ్రేకు బిగించుట క్రొత్తవారికి నేర్పుదురు. పందెము జరుగునాడు మాత్రము సంఘములో సగముమంది సైకి లెక్కరు. కూడలికొకరుగా నిలిచి దారి చూపువారు, నీళ్లందించువారు, ఎవడైన పడినచో ప్రథమచికిత్స చేయువారు, కాలము వ్రాయువారు, కడపటివాడు చేరిన పిదప గుట్టంతయు తిరిగి చెత్త యేఱువారు, వీరందఱును జీతము లేనివారే. పందెము గెలిచినవాని పేరు పత్రికలో పడును. నాలుగుగంటలు ఎండలో కూడలియందు నిలిచినవాని పేరు పడదు. సంఘము నిలుచుట రెండవవాని వలననే.

ముండ్ల సంగతి మఱచిన రాయలసీమవాడను కాను. మన నేలపై సైకిలునకు మొదటి శత్రువు పల్లేరుకాయ, రెండవది సర్కారుతుమ్మ. పల్లేరును సంస్కృతమున గోక్షురమనిరి, శ్వదంష్ట్ర యనిరి. మనవారికి ఆ కాయలో ఆవుడెక్కయు కుక్కకోఱయు కనబడినవి. ఈ మొక్కయే సముద్రములు దాటి అమెరికా పడమటి సీమకు చేరినది. అచ్చటివారు దానిని ‘మేకతల’ యని పిలుచుచున్నారు. వారి సైకిళ్లకును అదే బాధ. ఐడహో రాష్ట్రమున బోయిసీ నగరమున 2018లో సైకిలువారు దీనికొక యుపాయము పన్నిరి. ఏటేట ఒక పండుగ పెట్టి, దానికి ముందు వారములలో ఊరంతయు తిరిగి పల్లేరు మొక్కలను వేళ్లతో పెఱికి సంచులకెత్తు ఆచారము నెలకొల్పిరి. కాయ ముదిరి రాలకముందే పెఱుకవలెను. రాలినదా, గింజలు నేలలో ఏండ్లకొలది పొంచియుండును. టైరులో జిగురుద్రవము పోసి, ముల్లు దిగినను రంధ్రము తానే పూడునట్లు చేయు పద్ధతియు నేడు కలదు. అది త్రొక్కువాని నొక్కనినే కాచును. పెఱికిన పల్లేరు మాత్రము చెప్పులు లేని పిల్లవానిని, గొఱ్ఱెపిల్లను గూడ కాచును. మనయూర నిట్టి సంఘ మేర్పడినచో దాని మొదటి పని యిదియే కావలెనని నాకు తోచుచున్నది.

మన దేశమునకు ఈ యాట వచ్చి చాలకాలమైనది. హిమాచలప్రదేశమున 2005 నుండి కొండసైకిలు పందెము జరుగుచు వచ్చినది. దినములకొలది కనుమలెక్కి దిగు పందెమది. హైదరాబాదు సైకిలువారి సంఘము 2007లో పుట్టినది. అచ్చటివారు కొండదారులకై వికారాబాదు దగ్గఱి అనంతగిరికి పోవుచుందురు. మూసీనది పుట్టుచోటు, అనంతపద్మనాభస్వామి వెలసిన చోటు నదియే. బెంగుళూరునకు దక్షిణమున తురహళ్లి యను చిన్న అడవి సైకిలువారికి చిరపరిచితము. 2021లో ప్రభుత్వము అందొక వృక్షోద్యానము నిర్మింపదలచినపుడు చుట్టుపట్లవారును అచ్చట తిరుగు సైకిలువారును అడవిని అడవిగానే యుండనిండని నిలిచిరి. ఆ యోచన ఆగిపోయినది. ఒక చోట తిరుగుట అలవడినవానికి ఆ చోటుమీద మమత కలుగుననుటకు ఇది తార్కాణము. అయినను మన దేశమున పందెములకు వచ్చిన పేరు పారపనికి ఇంకను రాలేదన్నది నా యభిప్రాయము.

ఇచ్చట పెద్దలు కఠినముగా విచారింపవలసిన సంగతి యొకటి కలదు. ఊరందఱును చేతులు కలిపి పనిచేయుట మనకు క్రొత్త కాదు. చెఱువు త్రవ్వించినవానికి, బాగుచేయించినవానికి దశబంధపు ఇనాములుండెడివి. కుడిమరామత్తని రైతులే కాలువలలో పూడిక తీసెడివారు. కట్ట తెగు ప్రమాదము వచ్చినపుడు ఊరివారు పనికి వచ్చి తీరవలెనని 1858లో మదరాసు సీమకై చట్టమే వచ్చినది. ఆ యాచారములను తలచుకొని మనము గర్వపడుచుందుము. కాని పూడిక తీసినవా డెవడు, నీరు పాఱించుకొన్నవా డెవడు అని అడిగినచో జవాబు అన్నిచోట్లను ఒక్కతీరుగా నుండదు. తట్ట మోసిన వానికి సెంటు తరి లేని యూళ్లును ఉండెడివి. దానికి శ్రమదానమని పేరు పెట్టరాదు. దాని పేరు వెట్టి.

కొండసైకిలు ధర నేడు ముప్పది, నలువది వేలనుండి మొదలై లక్షలకు పోవును. అట్టి బండి గల పిల్లలు ఊరికి వచ్చి, తమ దారి త్రవ్వుటకు కూలిజనమును ‘స్వచ్ఛందముగా’ రమ్మని పిలిచినచో, పెద్దలు లేచి కాదనవలెను. దారి కావలసినవాడు తన చేతులతో త్రవ్వవలెను. కూలివాని పిలిచినచో ఆ దినపు కూలి చేతబెట్టవలెను. ఎవడు ఎన్ని గంటలు పార పట్టెనో సంఘము పుస్తకములో వ్రాసియుంచవలెను. పార పట్టనివానికి పందెమున చోటు లేదన్న నియమము మొదటి దినముననే పెట్టుట మంచిది. అది కటువుగా తోచవచ్చును. తరువాత పెట్టబోయిన నెవడును వినడు. ఊరి పిల్లలకు బండి కొను శక్తి లేదు గనుక, సంఘమువారు రెండుమూడు పాతబండ్లనైనను ఊరిలో నుంచి, త్రొక్కుట నేర్పవలెను. లేనిచో గుట్ట ఊరివారిది, వేడుక పరాయివారిది యగును.

ఆడపిల్లల మాట వచ్చినపుడు కొందఱు పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. వారికి నేనొక సంగతి చెప్పెదను. తమిళదేశమున పుదుక్కోట్టై జిల్లాలో, 1990 తరువాత అక్షరాస్యతోద్యమము నడచినపుడు, స్వచ్ఛందసేవకులు పల్లెల స్త్రీలకు అక్షరములతోపాటు సైకిలును నేర్పిరి. పొలములో కూలిచేయువారు, రాతిగనులలో పనిచేయువారు, అంగన్‌వాడీలవారు వేలకొలదిగా నేర్చుకొనిరి. మొదట నవ్వినవారే తరువాత తమ యింటి స్త్రీలను పంపిరి. ఏలయన నీళ్లు తెచ్చుటకు, అంగడికి పోవుటకు మగవానికై కాచుకొనియుండు పని తప్పినది. మన రాష్ట్రమునను 2017లో ‘బడికొస్తా’ యను పథకముక్రింద ప్రభుత్వపాఠశాలల బాలికలకు సైకిళ్లిచ్చిరి. ఆ సైకిళ్లతో బడికి పోవచ్చును గాని గుట్టకు పోరాదనుట యేమి న్యాయము? పిల్లను పంపుటకు జంకు తల్లిదండ్రులకొఱకు, గుంపులో పెద్దవయసు స్త్రీ యొకతె తప్పక యుండు నేర్పాటు సంఘము చేయవలెను.

అనుమతుల సంగతి క్లుప్తముగా చెప్పెదను. గుట్ట రిజర్వు అడవియైనచో పంచాయతీవారు సమ్మతించినను చాలదు. అటవీశాఖవారి అనుజ్ఞ లేనిదే ఒక్క రాయి కదల్పరాదు. పోరంబోకు భూమియైనచో గ్రామసభలో మాట్లాడి తీర్మానము వ్రాసికొనవలెను. దేవునిగుడి మెట్లమీద, పాతకోటల గోడలమీద బండి త్రొక్కుట ఎంతమాత్రము కూడదు. మందలు మేయు వేళలను సంఘమువారు తెలిసికొని, ఆ వేళలలో గుట్ట విడిచిపెట్టవలెను. వాన కురిసిన మఱునాడు బండి యెక్కరాదు. నేల ఆఱువఱకు ఆగవలెను.

బాట త్రవ్వుటకు మాత్రము ఆ పదనే కావలెను. మన్ను అరచేత పట్టి నొక్కినచో ముద్ద కట్టవలెను, వ్రేళ్లసందులనుండి నీరు కారరాదు; అట్టి నేల పారకు లొంగును, దిమ్మిసతో కొట్టిన గట్టిపడును. వేసవిలో త్రవ్విన మన్ను పొడియై గాలికి పోవును. వేరుశనగ విత్తు అదనులో ఊర మనిషి దొరకడు, పార దొరకదు. కావున విత్తుట ముగిసి, నేలలో పదనింకను మిగిలియున్న రెండుమూడు వారములే ఈ పనికి తగినవి. అవి యెప్పుడు వచ్చునో వానదేవునికే తెలియును. పండుగసెలవులతో కలిసి రావు. ఆ వారములలో కొలువునకు సెలవు పెట్టి రాగలరా యని పిల్లలను ముందుగా అడుగుడు.